కుండ ఉంటే కుమ్మరి ఉండాలా? విశ్వక్రమం, సృష్టికర్త: తరచుగా అడిగే ప్రశ్నలు

అసలు ఈ వాదం ఏమిటి?

కుండను చూస్తే కుమ్మరి ఉన్నాడని తెలుస్తుంది. ప్రపంచం కుండకన్నా ఎన్నో రెట్లు నేర్పుగా ఉంది. కాబట్టి దానికీ ఒక కర్త ఉండాలి. వాదం ఇంతే. చిక్కంతా ఆ చివరి "ఉండాలి" దగ్గరే.

ఒకే పేరుతో రెండు వాదాలు చెలామణిలో ఉన్నాయి. మన నైయాయికులది, అంటే న్యాయ దర్శనాన్ని అనుసరించే తార్కికులది, "ప్రపంచం పుట్టింది, పుట్టినదానికి కర్త ఉంటాడు" అనే వాదం. 10వ శతాబ్దంలో ఉదయనాచార్యులు న్యాయకుసుమాంజలిని ఈ పని కోసమే రాశారు. ఐరోపావాళ్లది "ప్రపంచంలో ఒక ప్రయోజనం కోసం అమర్చిన పొందిక ఉంది, పొందికకు బుద్ధి కావాలి" అనే వాదం. 13వ శతాబ్దంలో థామస్ అక్వినాస్ చెప్పిన బాణం, విలుకాడు పోలిక, 1802లో విలియం పేలీ చెప్పిన గడియారం పోలిక ఈ కోవవే. మొదటిదానికి ప్రపంచం అందంగా ఉండక్కర్లేదు, పుట్టి ఉంటే చాలు. రెండోదానికి పొందికే ప్రాణం. ఒకదాంతో మొదలుపెట్టి మధ్యలో రెండోదానిలోకి దూకేవాళ్లే చర్చల్లో ఎక్కువ.

దీన్ని పద్ధతిగా ఎలా చెప్పాలి?

న్యాయ దర్శనం ప్రకారం ఐదు అవయవాలు, అంటే ఐదు మెట్లు:

1. ప్రతిజ్ఞ: నేల, మొలక వంటివాటికి కర్త ఉన్నాడు.
2. హేతువు: ఎందుకంటే అవి కార్యాలు, అంటే ఒకప్పుడు లేక తర్వాత పుట్టినవి.
3. ఉదాహరణ: ఏది కార్యమో దానికి కర్త ఉంటాడు, కుండకు ఉన్నట్టు.
4. ఉపనయం: నేల, మొలక కూడా అలాంటి కార్యాలే.
5. నిగమనం: కాబట్టి వాటికీ కర్త ఉన్నాడు.

మూడో మెట్టులో "కుండ" చెప్పి సరిపెట్టేస్తారు చాలామంది. బరువంతా దాని ముందున్న మాట మీద ఉంది: "ఏది కార్యమో దానికి కర్త ఉంటాడు." దీన్నే వ్యాప్తి అంటారు. వ్యాప్తి చెప్పని ఉదాహరణ ఒట్టి ఉపమానం. హరికథకు సరిపోతుంది గానీ తర్కానికి చాలదు.

"కర్త" అన్న మాటకూ లెక్క ఉంది. ముడిసరుకు ఏమిటో నేరుగా తెలిసి ఉండాలి, చేయాలన్న కోరిక ఉండాలి, ప్రయత్నం ఉండాలి. ఈ మూడూ ఉన్నవాడే కర్త. ప్రపంచానికి ముడిసరుకు పరమాణువులు కాబట్టి వాటన్నిటినీ నేరుగా ఎరిగినవాడు కావాలి. సర్వజ్ఞుడు అన్న మాటను నైయాయికులు రాబట్టింది ఇక్కడినుంచే, పొగడ్తకోసం తగిలించింది కాదు.

వాదం ఎక్కడ చెడుతుంది?

తర్కం చదివేవాళ్ల పాత ఉదాహరణ కొండ మీద పొగ. తిరుపతివాళ్లకు అది పుస్తకంలో వెతుక్కోవాల్సిన పని లేదు. ఎండాకాలం శేషాచలం అడవిలో నిప్పు రాజుకుంటే కింద ఊళ్లోకే పొగ కనబడుతుంది. పొగను చూసి నిప్పుందనడం సరైన అనుమానం (తర్కంలో అనుమానం అంటే సందేహం కాదు, కనబడినదాన్ని బట్టి కనబడనిదాన్ని తేల్చడం). అది మూడు రకాలుగా దెబ్బతింటుంది.

ఒకటి, చలికాలం పొద్దున కొండను కమ్మిన మంచును పొగ అనుకోవడం. ఇక్కడ హేతువే లేదు, దీన్ని అసిద్ధం అంటారు. వేదంలోని యజ్ఞకర్మలను సమర్థించే మీమాంసకులు సృష్టివాదం మీద వేసే మొదటి దెబ్బ ఇదే. కుండ పుట్టడం చూశాం, మొలక పుట్టడం చూశాం, ప్రపంచం మొత్తంగా ఒకరోజు పుట్టిందని ఎవరు చూశారు?

రెండు, వ్యాప్తిని తలకిందులు చేయడం. పొగ ఉంటే నిప్పుంటుంది గానీ, నిప్పున్నచోటల్లా పొగ ఉండదు. కొలిమిలో ఎర్రగా కాలిన ఇనుపగుండులో నిప్పుంది, పొగ లేదు. ఇలా హేతువున్నచోట తేల్చాల్సినది లేకపోవడానికి వ్యభిచారం అని పేరు.

మూడు, ఆ వ్యభిచారానికి వెనకున్న కారణం. నిప్పుకు తడికట్టె తోడైతేనే పొగ వస్తుంది. ఆ తడికట్టెను ఉపాధి అంటారు. సృష్టివాదాన్ని పరీక్షించేటప్పుడు వెతకాల్సింది దీన్నే. కుండకు కర్త ఉన్నది అది పుట్టినందుకా, లేక చేతులూ కాళ్లూ ఉన్నవాడు చేసినందుకా? రెండోదే నిజమైతే ఉపాధి శరీరం అవుతుంది, మొలకకు కర్త ఉన్నాడన్న అనుమానం కూలిపోతుంది.

నైయాయికులు దీనికి తడుముకోరు. కుండను చెయ్యి కదిలించింది సరే, ఆ చేతిని కదిలించిందెవరు? ఇంకో చెయ్యి కాదు, ఇచ్ఛా ప్రయత్నాలు. శరీరాన్ని కదిలించడానికి ఆత్మకు మరో శరీరం అక్కర్లేదు కదా, పరమాణువులను కదిలించడానికి ఈశ్వరుడికి మాత్రం ఎందుకు అంటారు. తెలివైన జవాబే. కానీ మనం ఎరిగిన ప్రతి ఇచ్ఛా ఏదో ఒక శరీరంలోనే కనబడిందన్న సంగతి దీంతో చెరిగిపోదు.

"నీటి చుక్క లేని బండ మీద మొలిచిన మొక్కకు కర్త ఏడీ?" అని అడిగితే?

అడగకూడదు. మొలక పక్షంలో ఉంది, అంటే చర్చ జరుగుతున్నది దాని గురించే. వివాదంలో ఉన్నదాన్నే తీసుకొచ్చి వ్యభిచారం చూపించడం ఆటలో తప్పు. కర్త లేడని ఇద్దరూ ఒప్పుకున్న వస్తువును చూపించాలి.

శిలాతోరణం ఎవరూ చెక్కింది కాదంటారు. అది ఈ వాదానికి దెబ్బేనా?

పొందిక వాదానికి దెబ్బే. తిరుమలలో చక్రతీర్థం దారిలో ఉన్న ఆ రాతి వంపు సుమారు 8 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు. చూడగానే శిల్పి చెయ్యి ఉందనిపిస్తుంది, పేరే తోరణం అయింది. పని చేసింది వానా గాలీ ఎండా. బలహీనమైన రాయి, పగుళ్లున్న రాయి విరిగి రాలిపోయింది. పైబరువు ఒకదాన్నొకటి నొక్కుకుంటూ నిలిచిన రాళ్లు మాత్రం మిగిలాయి. ఎవరూ వంపు తిప్పలేదు, వంపు కానిదంతా పడిపోయింది. జల్లెడలో మిగిలినదాన్ని చూసి "ఇంత చక్కగా ఎవరు ఏరారు?" అనడం లాంటిదే ఇది. పొద్దుతిరుగుడు పువ్వులో గింజల వరసలు 34, 55 లెక్కన తిరగడమూ ఇలాంటిదే. మొగ్గలో ప్రతి కొత్త గింజా ముందుదానికి సుమారు 137.5 డిగ్రీల మలుపులో చోటు చేసుకుంటూ పోతే ఆ లెక్క తనంతట తనే పడుతుంది.

అందుకని క్రమం కనబడితే చాలదు. ఏ రకం క్రమమో చూడాలి.

మరి బుద్ధి పని చేసిందని ఎలా గుర్తుపట్టాలి?

శ్రీకాళహస్తి కలంకారీ గుడ్డను దగ్గరగా చూస్తే జవాబు దొరుకుతుంది. బొమ్మకన్నా ముందు గుడ్డను చూడాలి. కరక్కాయ పొడి కలిపిన పాలలో నూలుగుడ్డను నానబెట్టి ఆరేస్తారు. అప్పటికి గుడ్డ మీద ఏ బొమ్మా లేదు, కాస్త పసుపుగా మారి పాలవాసన కొడుతుంది, అంతే. తర్వాత తుప్పు ఇనుము, బెల్లం నీళ్లలో రోజుల తరబడి ఊరబెట్టిన కసిమిలో కలాన్ని ముంచి గీత గీస్తారు. కరక్కాయలోని వగరు పదార్థం ఇనుముతో కలిసి గీత నల్లబడుతుంది. పాలలోని కొవ్వు ఆ గీతను పక్కకు పాకనివ్వదు. పాలు తగ్గితే నలుపు చెదిరి అంచు ముద్దగా తయారవుతుంది. ఎరుపు కావలసినచోట పటిక నీళ్లు పూసి తర్వాత రంగులో ఉడకబెడతారు.

కరక్కాయ అద్దకం ఆ నిమిషంలో దేనికీ పనికిరాదు. రాబోయే గీత కోసం ముందే చేసి పెట్టిన పని అది. బుద్ధికి గట్టి ఆనవాలు ఈ ముందుచూపే: తనంతట తాను ఏ లాభమూ లేని మెట్టు, తర్వాతి మెట్టు కోసం మాత్రమే ఉండటం. జల్లెడకు ముందుచూపు ఉండదు, అది ఇవాళ నిలిచినదాన్నే నిలుపుతుంది. ఇకమీద ఏ ఉదాహరణ చూపించినా ఈ ఒక్క ప్రశ్న వేయండి. సగం ఉదాహరణలు అక్కడే రాలిపోతాయి.

ప్రాణుల్లో ఆ ముందుచూపు కనబడుతుంది కదా?

కనబడినట్టే ఉంటుంది. చిత్తూరు జిల్లా రైతుకు తెలిసినదే తీసుకుందాం, శెనక్కాయ. పువ్వు నేలపైన పూస్తుంది, కాయ నేలలో కాస్తుంది. పువ్వు పొద్దున విచ్చుకుని ఒక్కరోజులో వాడిపోతుంది. వారం తిరిగేలోపు దాని అడుగునుంచి ఊడ బయలుదేరి కిందికి దిగుతుంది. నేలలోకి కొన్ని సెంటీమీటర్లు దూరి, చీకటి తగిలాక అడ్డంగా తిరిగి కాయగా ఊరుతుంది. గింజను తనే విత్తుకునే మొక్క! 19వ శతాబ్దపు పాదిరీ ఎవరైనా మన మెట్టచేలో నిలబడి ఉంటే గడియారాన్ని పక్కన పెట్టేసేవాడు.

ఇప్పుడు అదే చేనును కోతరోజున చూడండి. మొక్క పైభాగంలో, నేలకు సుమారు 15 సెంటీమీటర్లకన్నా ఎత్తులో పూసిన పూల ఊడలు నేలను అందుకోలేక గాలిలోనే ఎండిపోయి ఉంటాయి. ఊడలు దిగేవేళ వాన లేక నేల బిగిస్తే దిగాల్సినవీ దిగవు. కాయకు కావాల్సిన సున్నం వేళ్లద్వారా అందదు. వేళ్లు తాగిన నీళ్లు ఆకులవైపు పోతాయి గానీ నేలలో ఉన్న కాయవైపు తిరగవు. కాబట్టి కాయ తన చుట్టూ ఉన్న మట్టినుంచే సున్నం పీల్చుకోవాలి. ఎకరాకు 200 కిలోల జిప్సం పూత, ఊడ దశలో మొదళ్ల దగ్గర వేయమనేది అందుకే. వేయకపోతే పైకి కాయ బాగానే ఉంటుంది, ఒలిస్తే లోపల తాలు.

డార్విన్ 1859లో చూపించిన దారి ఈ రెండు ముఖాలనూ కలిపి వివరిస్తుంది. తరతరాల్లో చిన్నచిన్న తేడాలు వస్తాయి, ఆ తరంలో పనికొచ్చిన తేడా నిలుస్తుంది. ఊడ ఎందుకు దిగుతుందో, ఎందుకు కొన్ని వృథా అవుతాయో ఒకే సూత్రం చెబుతుంది. ముందుచూపుతో గీసిన పథకమైతే అందని ఊడలను ఎందుకు పెట్టాడో విడిగా సంజాయిషీ వెతకాలి. ప్రాణులను చూపించి చేసే పొందిక వాదం 1859కి ముందున్నంత బలంగా ఇవాళ లేదు. దీన్ని దాచిపెట్టి వాదించడం వల్ల ఆస్తికులకే నష్టం.

కన్ను సంగతేమిటి? అంత గొప్ప అవయవం దానంతటది వస్తుందా?

ముందు ఈ పరీక్ష చేయండి. తెల్లకాగితం మీద ఎడమవైపు ఒక కూడిక గుర్తు, దానికి కుడివైపు 8 సెంటీమీటర్ల దూరంలో ఒక నల్లచుక్క పెట్టండి. ఎడమకన్ను మూసి, కుడికన్నుతో కూడిక గుర్తునే చూస్తూ, చేయిచాపు దూరంనుంచి కాగితాన్ని మెల్లగా దగ్గరికి తెండి. సుమారు 30 సెంటీమీటర్ల దగ్గర చుక్క మాయమవుతుంది. చూపు చుక్కమీదికి జారితే పరీక్ష చెడుతుంది, మళ్లీ మొదలుపెట్టాలి.

మన కంటి తెరలో నరాలు వెలుతురు వచ్చే వైపున పరచుకుని, ఒకచోట తెరను చీల్చుకుని వెనక్కి పోతాయి. ఆ చీలిక దగ్గర చూపు లేదు. ఆక్టోపస్ కంటిలో నరాలు తెర వెనకనుంచే వెళ్తాయి, అందుకని దానికి గుడ్డిచుక్క లేదు. అలాగని "దేవుడు చేతకాని ఇంజనీరు" అని ఎగరడమూ తొందరపాటే. దేవుడైతే ఇలా చేసి ఉండాల్సింది అనడానికి ఆయన మనసు మనకు తెలిసి ఉండాలి.

"భూమి సూర్యుడికి ఒక్క అంగుళం దగ్గరైతే మాడిపోతాం" అని వాట్సాప్‌లో వస్తుంది. నిజమేనా?

కాదు. భూమి ప్రతి ఏడూ జనవరి మొదట్లో సూర్యుడికి 14.71 కోట్ల కిలోమీటర్ల దూరంలోనూ, జులై మొదట్లో 15.21 కోట్ల కిలోమీటర్ల దూరంలోనూ ఉంటుంది. తేడా 50 లక్షల కిలోమీటర్లు. పైగా దగ్గరగా ఉన్న జనవరిలోనే కొండమీద స్వెట్టర్లు బయటికొస్తాయి. ఈ సందేశం ఫార్వర్డ్ చేసేవాళ్లు వాదానికి సాయం చేస్తున్నామనుకుంటారు, వినేవాడికి మాత్రం మిగతా మాటలమీద కూడా నమ్మకం పోతుంది.

ఇవాళ్టికి నిలబడే రూపం ఏదైనా ఉందా?

ఉంది. ప్రాణుల పొందికను వదిలి, భౌతికనియమాల పొందికను పట్టుకున్న రూపం. జల్లెడ పనిచేయాలంటే ముందు నియమాలుండాలి కదా, ఆ నియమాల్లోని అంకెలు ఇలాగే ఎందుకున్నాయి?

ఒక ఉదాహరణ బొగ్గులో ఉన్న కర్బనం. నక్షత్రాల్లో మూడు హీలియం కేంద్రకాలు కలిస్తే కర్బనం పుడుతుంది. మామూలుగా ఆ కలయిక చాలా అరుదు. కర్బనం ఇంత విరివిగా ఉందంటే దాని కేంద్రకంలో సరైన శక్తిమట్టం ఒకటి ఉండితీరాలని ఫ్రెడ్ హాయిల్ 1953లో వాదించాడు. వెతికితే 76.5 లక్షల ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర దొరికింది. ఆ మట్టం చెప్పుకోదగ్గంత పక్కకు జరిగితే కర్బనం బాగా తగ్గిపోతుంది, కర్బనం లేనిదే మనమూ లేము.

దీనికి మొదటి అభ్యంతరం తిరుమల క్యూలోనే ఉంది. ప్రత్యేక ప్రవేశ దర్శనం లైనులో నిలబడినవాళ్లను "టికెట్ దొరికిందా?" అని అడిగి చూడండి. నూటికి నూరుమందీ దొరికిందంటారు. అందులో వింతేముంది? దొరకనివాళ్లు ఆ లైనులో లేరు. అలాగే మనుషులు పుట్టగల విశ్వంలోనే మనుషులు నిలబడి ఆశ్చర్యపోతారు. లెక్కలేనన్ని విశ్వాలుంటే ఒకదాంట్లో అంకెలు కుదరడం వింత కాదు.

దీనికీ జవాబుంది. లైనులో ఉన్నవాళ్లందరి దగ్గరా టికెట్లు ఎందుకున్నాయో ఆ మాట చెబుతుంది గానీ, అసలు టికెట్లు విడుదల కావడానికి కారణం చెప్పదు. ఇతర విశ్వాలు ఉన్నాయనడానికి నేరుగా చూసిన రుజువూ లేదు. కానీ ఇటువైపూ ఒక బొక్క ఉంది. అంకెలు కుదిరే అవకాశం కోటికి ఒకటి అనాలంటే, ఆ అంకెలు వేరేగా ఉండగలవనీ, ఎంత మేర మారగలవో తెలుసనీ ఒప్పుకోవాలి. పాచికకు ఆరు ముఖాలని తెలుసు కాబట్టి ఆరింట ఒకటి అంటాం. విశ్వానికి ఎన్ని ముఖాలో ఎవరు లెక్కపెట్టారు? పొందిక వాదాల్లో ఇదే బలమైనది. తేలినది మాత్రం కాదు.

కర్త ఉన్నాడని తేలితే, ఒక్కడేననీ తేలినట్టేనా?

తేలదు. ఈ మాట గట్టిగా చెప్పినవాడు నాస్తికుడు కాదు, భగవద్రామానుజులు. ఆనందనిలయం ప్రాంగణంలో భాష్యకార్ల సన్నిధి ఉన్న ఆ భాష్యకారులే. బ్రహ్మసూత్రాలకు ఆయన రాసిన వ్యాఖ్యానం శ్రీభాష్యంలో, "శాస్త్రయోనిత్వాత్" అన్న మూడో సూత్రం దగ్గర, సృష్టికర్తను అనుమానంతో సాధించవచ్చన్న పక్షాన్ని నిలబెట్టి, ముక్కముక్కగా ఖండిస్తారు. నేల, సముద్రం మొదలైనవన్నీ ఒకేసారి ఒకే కర్త చేశాడనడానికి రుజువేదీ? వేర్వేరు పనులు వేర్వేరు కాలాల్లో వేర్వేరు మనుషులు చేయడమే మనం చూస్తున్నాం. కుండను ఆధారం చేసుకుంటే కుమ్మరిలాంటి కర్తే దొరుకుతాడు: ఒళ్లున్నవాడు, కొంతే తెలిసినవాడు, కొంతే చేతనైనవాడు.

శ్రీకాళహస్తి రాజగోపురాన్ని తలచుకుంటే ఈ వాదం పదును తెలుస్తుంది. 1516లో శ్రీకృష్ణదేవరాయలు కట్టించిన గోపురం 2010 మే 26న కూలింది. ఇప్పుడున్నది అదేచోట కొత్తగా కట్టి 2017లో పూర్తిచేసినది. ఈ సంగతి తెలియని యాత్రికుడు కొత్త గోపురాన్నీ, వెనక ఉన్న చోళుల నాటి కట్టడాన్నీ, రాయల మండపాన్నీ ఒకే చూపులో చూసి "ఎంత పొందిక! ఒక్కడే కట్టి ఉంటాడు" అనవచ్చు. పొందిక నిజమే, ఒక్కడు మాత్రం అబద్ధం. రాయలు కట్టించాడని మనకు చెప్పింది రాళ్ల పేర్పు కాదు, శాసనం. రాళ్లు "ఎవరో కట్టారు" అన్నంతవరకే చెబుతాయి, పేరు శాసనమే చెప్పాలి. రామానుజుల మాటా అదే. ఈశ్వరుడిని తెలుసుకోవడానికి ప్రమాణం శాస్త్రం, అనుమానం కాదు.

"చాలామంది దేవుళ్లు కలిసి చేసి ఉండవచ్చు కదా" అన్న ఇలాంటి అభ్యంతరమే స్కాట్లండ్ తత్వవేత్త డేవిడ్ హ్యూమ్ రాతల్లో, ఆయన పోయాక 1779లో, అచ్చయింది. హ్యూమ్ పేరు చెబితే ఆస్తికులు ముఖం మాడ్చుకుంటారు. అదే అభ్యంతరం ఆరొందల ఏళ్లకు ముందే కొండమీద పూజలందుకునే ఆచార్యుడి భాష్యంలో ఉందంటే నమ్మరు.

సృష్టికర్తను ఎవరు సృష్టించారు?

నైయాయికుల వ్యాప్తి "ఏది కార్యమో దానికి కర్త" అన్నది, "ఉన్న ప్రతిదానికీ కర్త" అని కాదు. ఈశ్వరుడు పుట్టలేదంటారు కాబట్టి ప్రశ్న వాళ్లకు తగలదు. పొందిక వాదికి మాత్రం తగులుతుంది: ఇంత పొందికకు బుద్ధి కావాలంటే, ఆ బుద్ధిలో ఉన్న పొందిక మాటేమిటి?

"పుట్టను చూసి కుమ్మరిని ఊహిస్తారా?" అని బౌద్ధులు అడిగారట. ఏమిటది?

బౌద్ధ తార్కికుడు ధర్మకీర్తి మాట. కుండ మట్టితో అయింది, పుట్టా మట్టితోనే అయింది. మట్టి వికారం అన్నంత మాత్రాన పుట్టకూ కుమ్మరిని అంటగడతామా? కుండలాంటి ఆకారానికి కుమ్మరి కావాలని అనుభవంతో తెలుసు. "ఆకారం" అన్న ఒక్కమాట కలిసిందని కొండలకూ చెట్లకూ దాన్ని సాగదీయకూడదు. శ్రీనివాసుడు పుట్టలో దాగాడని చెప్పుకునే ఊళ్లో ఈ ఉదాహరణ వేస్తే సభలో కాస్త నవ్వు పుడుతుంది, కానీ అభ్యంతరం గట్టిది.

లోకంలో ఇంత బాధ ఉంటే కర్త దయగలవాడెలా అవుతాడు?

క్రమం చూపించే వాదం దయ గురించి ఏమీ చెప్పదు. తేలుకొండి కూడా చక్కటి పొందికే. బ్రహ్మసూత్రాలు ఈ ప్రశ్నను విడిగా తీసుకుని (2.1.34) ఈశ్వరుడు జీవుల కర్మను బట్టి ఫలమిస్తాడని సమాధానం చెబుతాయి. అది ఒప్పుకునేవాళ్లకు సరిపోతుంది. ఒప్పుకోనివాళ్లతో చర్చ కర్మసిద్ధాంతం మీదికి మళ్లుతుంది, సృష్టివాదం అక్కడితో ఆగిపోతుంది.

ఈ వాదం ఒప్పుకోకపోతే నాస్తికులమేనా?

మీమాంసకుడు కుమారిలభట్టు వేదం కోసం జీవితమంతా వాదించినవాడు, యజ్ఞాన్ని నిలబెట్టినవాడు. సృష్టికర్తను మాత్రం ఖండించాడు. సాంఖ్య దర్శనంవాళ్లు ప్రపంచానికి బుద్ధిగల కర్త అక్కర్లేదన్నారు, దూడ పెరగడానికి తెలివిలేని పాలు చేపుకు రావడం లేదా అని ఉదాహరణ ఇచ్చారు. శంకరులు దీన్ని ఒప్పుకోలేదు, పాల వెనక ప్రాణమున్న ఆవు ఉందన్నారు. వీళ్లందరూ ఆస్తిక దర్శనాలవాళ్లే, అంటే వేదాన్ని ప్రమాణంగా ఒప్పుకున్నవాళ్లే.

ఎక్కడినుంచి చదవడం మొదలుపెట్టాలి?

తెలుగువాడైన అన్నంభట్టు రాసిన తర్కసంగ్రహంతో. చిన్న పుస్తకం, అనుమానం, హేత్వాభాసాల (హేతువులోని దోషాల) భాగం కొద్ది పుటలే. "కాశీకి పోయినంత మాత్రాన అన్నంభట్టు కాలేడు" అన్న సామెత ఆయన మీదే పుట్టింది. తిరుపతిలో ఉన్నవాళ్లు కాశీదాకా పోనక్కర్లేదు, ఇక్కడి జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయంలో న్యాయం బోధిస్తారు. ముందు పొగ, నిప్పు, తడికట్టె ఉదాహరణలను చేతిమీద పట్టు చిక్కేదాకా పలకమీద రాసి చూసుకోండి. న్యాయకుసుమాంజలిని ఆ తర్వాతే తెరవండి, అదీ గురువు దగ్గర. వ్యాఖ్యానం లేకుండా ఆ శ్లోకాలు కొరుకుడు పడవు.